జాబితాలో ఒకే పేరు

ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, రేడియో స్టేషన్‌లో అందరికీ ఆయన గుంభనంగారే. చాటుగా కాదు, ఎదురుగానే అలా పిలుస్తారు. ఆయనా పలుకుతాడు.

స్టేషన్‌లోని పాటలు, నాటికలు, ఇంటర్వ్యూలు అన్నీ ఆయన కనిపెట్టుకుని ఉండే రెండు సర్వర్లలో ఉంటాయి. కింది అంతస్తులో చల్లటి గదిలో ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు ఉంటాయి కాబట్టి వాటి పేర్లూ అవే, ఎడమ, కుడి. ఒకటి ఆగిపోతే రెండోది ఆ బరువంతా నెత్తికెత్తుకుంటుంది. ఇలా జంటగా కట్టిన సర్వర్లను క్లస్టర్ అంటారు. పైవాళ్ళు వాడుకోవడానికి రెండింటికీ కలిపి ఇంకో పేరుంది, పాటలపెట్టె.

ఆ పేరు మాత్రం ఎవరి తెరమీదా కనిపించదు. మామూలుగా సర్వర్ "నేనిక్కడున్నాను" అని నెట్‌వర్క్‌లో కేక వేస్తూ ఉంటుంది. ఆ కేక విని ప్రతి కంప్యూటరూ దాని పేరును తన జాబితాలో చూపిస్తుంది. దీనికి డిస్కవరీ అని పేరు. గుంభనంగారు ఎనిమిదేళ్ళ క్రితం దాని నోరు నొక్కేశాడు. కారణం లేకపోలేదు. ఎవరో మహానుభావుడు మౌస్‌తో నాటికల ఫోల్డర్‌ను లాక్కొచ్చి వాతావరణ వార్తల ఫోల్డర్‌లో పడేశాడు. వాన వస్తుందో రాదో తెలుసుకుందామని కూర్చున్న శ్రోతలకు ఆ రోజు అత్తాకోడళ్ళ పోట్లాట వినిపించింది. అప్పటినుంచీ పాట కావాలంటే అడ్డగీతలతో, చుక్కలతో, అంకెలతో ముప్పైరెండు అక్షరాల చిరునామా కొట్టాల్సిందే. పోనీ ఒకసారి కొట్టి దాచుకుందామంటే, స్టూడియో కంప్యూటర్లు రోజూ తెల్లవారగానే పాత గుర్తులన్నీ తుడిచేసుకుని లేస్తాయి. అదీ ఈయనగారి ఏర్పాటే.

ఇంట్లోనూ ఇదే వరస. ఇంటి రెండో తాళంచెవి ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. "మనింట్లో దొంగ పడినా ముందు మిమ్మల్నే అడగాలి" అంటుంది భార్య.

ఒక సోమవారం ఉదయం స్టూడియోలో పాడైన మౌస్‌ను మార్చడానికి ఆయన పైకి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళుగా ఉదయం పాటల కార్యక్రమం నడిపే పెద్దావిడ అక్కడ కూర్చుని ఉంది. అందరికీ ఆవిడ పిన్నిగారు. ఈ మధ్య ఆవిడకు చూపు మసకబారింది. పెద్ద పెద్ద అక్షరాలయితే పోల్చుకోగలదు గానీ చుక్కకూ గీతకూ తేడా తెలియదు.

అడుగుల చప్పుడు విని, "ఎవరది? కాస్త ఆ చిరునామా కొట్టి పుణ్యం కట్టుకోండి" అంది.

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కుని కొట్టసాగాడు.

"ఈ శుక్రవారం దాకానే లెండి. ఉత్తరం రాసి పెట్టుకున్నాను. కార్యక్రమం అవగానే మేనేజర్‌గారి చేతికిచ్చేస్తాను."

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. "మానేస్తారా?"

"కళ్ళ సంగతి సరే, వాటితో సర్దుకుపోయాను. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి చూశారూ, అది నావల్ల కావడం లేదు. ఇంత పొడుగు చిరునామా పెట్టిన ఆ పుణ్యాత్ముడెవరో గానీ, ఆయన కూర్చుని వెయ్యిసార్లు ఇదే రాయాలి."

"పిన్నిగారూ, అది నేనే" అన్నాడు ఆయన.

ఆవిడ నాలుక కరుచుకుంది. తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. "నువ్వా నాయనా! సరే, వందసార్లు రాయి చాలు."

ఆయనకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గొంతు విననిదే తన తల్లికి తెల్లవారేది కాదు. అలాంటి గొంతును తన చేజేతులా ఆపేస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

సాయంత్రం భార్యకు అంతా చెప్పాడు. "పేరు కనిపించేలా చేస్తే పని అయిపోతుంది. కానీ మళ్ళీ ఎవడో ఏదో లాగి పారేస్తే?"

ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ, "వీధిలో వాళ్ళందరికీ మన తలుపు కనిపిస్తూనే ఉందిగా. అందరూ లోపలికొచ్చేస్తున్నారా? తాళం వేసుకుంటే సరి" అంది.

అప్పుడు తట్టింది ఆయనకు. ఎనిమిదేళ్ళుగా తలుపును దాచాడే గానీ తాళం వేయలేదు. చిరునామా తెలిసిన వాళ్ళెవరైనా ఈనాటికీ నాటికల్ని వాతావరణంలో పడేయవచ్చు. ఇన్నాళ్ళూ ఎవరూ పడేయకపోవడం వాళ్ళ మంచితనమే.

మంగళవారమంతా కూర్చుని తాళాలు వేశాడు. పాటలు వినే అనుమతి అందరికీ, కదిలించే అనుమతి ఇద్దరికి. బుధవారం డిస్కవరీ తెరిచాడు. పిన్నిగారి తెరమీద పెద్ద అక్షరాల్లో పేర్లు వచ్చాయి. ఆవిడ తనంతట తాను మొదటి పేరు నొక్కి, పాట తెరిచి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సంబరంలో గుంభనంగారు జాబితాను సరిగ్గా చూడలేదు. ఉండాల్సింది ఒక పేరు, వచ్చినవి మూడు. ఎడమ, కుడి, పాటలపెట్టె.

గురువారం మధ్యాహ్నం శుభ్రం చేయడానికి ఎడమ సర్వర్‌ను ఆపాడు. బరువు ఎప్పటిలాగే కుడి మీదికి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో పైనుంచి ఫోన్ వచ్చింది.

"బాబూ, రేపటి పాటలు చూసుకుంటున్నాను. నేను నొక్కే పేరు మాయమైంది. పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు. రేపు ఒక్కరోజే కదా."

ఆ "పోనీలే" ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. పరుగున పైకెళ్ళి చూస్తే తప్పు తనదే. ఆవిడ రెండు రోజులుగా నొక్కుతున్నది పాటలపెట్టె కాదు, ఎడమ. మనిషి సెలవు పెడితే పనికి ఇంకొకరొస్తారు గానీ, సెలవు పెట్టినాయన పేరే పట్టుకుని పిలిస్తే ఎవరు పలుకుతారు? సాయంత్రందాకా కూర్చుని ఆ రెండింటి సొంత కేకలూ ఆపించాడు. ఆ పూట బరువు ఎవరి మీదుంటే వారే పాటలపెట్టె పేరుతో కేక వేయాలి. మూడుసార్లు దీన్ని ఆపి, మూడుసార్లు దాన్ని ఆపి చూసుకున్నాడు.

శుక్రవారం తెల్లవారగానే వచ్చాడు. ప్రసారానికి ఇంకా పావుగంట ఉంది. పిన్నిగారు పాటలు వరసలో పెట్టుకుంటోందని రూఢి చేసుకుని, కిందికెళ్ళి ఎడమ సర్వర్‌ను ఆపేశాడు. కాసేపు అక్కడే ఆగి, మెట్లెక్కి స్టూడియో తలుపు తోశాడు.

"ఏం బాబూ, ఇంత పొద్దున్నే?"

"ఎడమ సర్వర్ ఆపేశాను పిన్నిగారూ."

"ఎప్పుడు?"

"పది నిమిషాలైంది."

ఆవిడ తెర దగ్గరగా ముఖం పెట్టి చూసింది. "ఇక్కడ పాటలపెట్టె అని ఉందిగా. ఇప్పుడే నాలుగో పాట కూడా తీశానే." నమ్మకం చాలక ఇంకోసారి నొక్కింది. పాట మోగింది.

గుంభనంగారి కళ్ళు చెమర్చాయి. అప్పుడు చూశాడు, ఆవిడ చేతికింది కాగితాన్ని. లావాటి కలంతో వేలెడంత అక్షరాల్లో ఆనాటి పాటల వరస రాసుకుంది. చివరి రెండు పాటలకు చోటు చాలక కాగితం తిప్పింది. ఆ వైపు మేనేజర్‌గారికి రాసిన ఉత్తరం ఉంది. ఎనిమిదో పాట ఆ ఉత్తరం మీదుగా, తొమ్మిదో పాట సరిగ్గా సంతకం మీదుగా పోయాయి.

"పిన్నిగారూ, ఈ కాగితం..."

"ఇంకో కాగితం వెతుక్కునే ఓపిక లేక" అంది ఆవిడ అటు తిరిగి. "ఎవరికీ చెప్పకు."

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఆవిడ గొంతు సవరించుకుని శ్రోతలకు శుభోదయం చెప్పింది. ఆయన చప్పుడు కాకుండా తలుపు వేసి వచ్చేశాడు. ఉత్తరం సంగతి మేనేజర్‌కు గానీ, ఇంట్లో భార్యకు గానీ ఈనాటికీ చెప్పలేదు.