లింకన్ టోపీలో మడిచిన రొట్టె

మంచు కరిగి బురదగా మారిన దారి. అటూ ఇటూ కోతలైపోయిన మొక్కజొన్న చేలు. మధ్యలో ఉన్న పెట్రోలు బంకులో ఒక పందుల లారీ డ్రైవరుకు అబ్రహాం లింకన్ తారసపడ్డాడు. నల్లకోటు, పొగగొట్టంలాంటి పొడుగు టోపీ, మీసం లేని గడ్డం. తన పాత బండికి పెట్రోలు పట్టుకోబోతున్నాడు. ఒక చేతిలో సగందాకా కాగితం చుట్టిన రొట్టె ఉంది.

లింకన్ పెరిగి పెద్దవాడైన ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఆయన పుట్టిన ఫిబ్రవరి నెలలో ఇదేం వింత కాదు. ఆ మనిషి ముఖం చిల్లర నాణెం మీద అందరి జేబుల్లోనూ తిరుగుతూనే ఉంటుంది. చలికాలం చివర్లో కాస్త పొడుగ్గా, బుగ్గలు లోతుకుపోయి ఉన్న ముసలివాళ్ళు కొందరు గడ్డాలకు రంగేసుకుని ఆ ముఖంతో బడిపిల్లలకు ఆయన కథ చెప్పడానికి బయల్దేరతారు.

"ఏం ప్రెసిడెంటు గారూ, గుర్రాన్ని అమ్మేశారా?" అన్నాడు డ్రైవరు.

"దాణా పిరమైందయ్యా."

"ఎక్కడికి సవారీ?"

"బడికి. రెండో తరగతి పిల్లలకు నా బతుకంతా చెప్పి రావాలి."

"చెప్పండి, చెప్పండి. రాత్రికి నాటకానికి మాత్రం పోకండి."

నాటకశాలలో లింకన్‌ను కాల్చి చంపినప్పటి నుంచీ ఆ దేశంలో ఈ హాస్యానికి కరువు లేదు. లింకన్ వేషంలో ఉన్న డెల్మర్ స్టోల్ట్జ్ ఏళ్ల తరబడి ప్రతి బంకులోనూ ఇదే వింటున్నాడు. ఇప్పుడే మొదటిసారి విన్నట్టు నవ్వాడు.

డ్రైవరు కళ్ళు రొట్టె మీద పడ్డాయి. "అదేంటి, శాండ్‌విచ్‌కి రెండు ముక్కలు పెట్టక ఒక్కదాన్నే మధ్యకి మడిచారు? ఇంటావిడ అలిగిందా?"

డెల్మర్ బండి వైపు తిరిగాడు. పెట్రోలు ట్యాంకు మూత తిప్పడానికి రెండు చేతులూ కావాలి. రొట్టెను టోపీలో పడేసి, టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. లింకన్ కూడా ఉత్తరాలు టోపీలోనే దాచుకునేవాడట.

లింకన్ పుట్టినరోజు నాడు ఆ రాష్ట్రంలో బళ్ళకు సెలవు. అందుకని ఆయన బడికి ఒకరోజు ముందే వచ్చి పుట్టాల్సి ఉంటుంది. ఒకప్పుడు ఆ వారమంతా డెల్మర్‌కు తీరిక ఉండేది కాదు. ధాన్యం గిడ్డంగిలో పనికి సెలవు పెట్టి, భార్య లొరేన్‌ను పక్కన కూచోబెట్టుకుని ఊరూరూ తిరిగేవాడు. కోటు కుట్టింది ఆమే, లింకన్ భార్య మేరీ వేషం కట్టిందీ ఆమే. ఒకసారి ఆమె వెడల్పు గౌను బడి తలుపులో ఇరుక్కుంటే పిల్లలందరూ కలిసి లోపలికి తోశారు. అతను కథలో తప్పితే అక్కడే అందుకునేది: "అబ్బే, నువ్వు పుట్టిన గుడిసె కెంటకీలోది. మళ్ళీ చెప్పు."

క్రిందటి ఏడు జనవరిలో ఆమె పోయింది. అయినా డెల్మర్ ఫిబ్రవరిలో బడికి వెళ్ళాడు. ఒక పిల్లాడు "మేరీ ఏది?" అని అడిగితే, "మేరీ చనిపోయింది" అనేశాడు. ముందు వరుసలో ఉన్న పిల్ల లేచి, "తప్పు. మీరు పోయాక కూడా ఆమె చాలా ఏళ్ళు బతికింది" అంది. అతను కథ మధ్యలోనే టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కొందరు పిల్లలు ఏడ్చారు. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు.

మిగతా బళ్ళన్నీ ఈ లోపల వీడియోలకు మారిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. పోయిన వారం టీచరు మిస్ ప్రూయిట్ ఫోనులో మెత్తగానే చెప్పింది: "ఈసారి చరిత్ర మాత్రమే చెప్పండి, మిస్టర్ లింకన్. మళ్ళీ అలా జరిగితే పైవాళ్ళు ఒప్పుకోరు." అతనికి ఏడాది పొడవునా నోరు విప్పి ఒక కథను మొదలు నుంచి చివరిదాకా చెప్పే చోటు ఇంకెక్కడా లేదు. ఇంట్లో రేడియో మాట్లాడుతుంది, అతను వింటాడు.

క్లాసులో అంతా బాగానే సాగింది. గొడ్డలి, కట్టెలు, నిప్పు వెలుగులో చదువు.

"మీ అమ్మ చచ్చిపోయినప్పుడు ఏడ్చారా?"

"ఏడ్చాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు."

"టోపీలో ఏముంది?" అంది ట్రూడీ అనే పిల్ల.

"ఏముంటాయి, ఉత్తరాలు," అంటూ అలవాటుగా టోపీ తీశాడు. రొట్టె నేల మీద పడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ట్రూడీ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేరీ చేసిందా?"

"ఊఁ."

"మరి ఒక్క ముక్కేనేం? మా అమ్మ రెండు పెడుతుంది."

గది చివర మిస్ ప్రూయిట్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె కదల్లేదు. డెల్మర్ టోపీ అంచును వేళ్ళతో ఒకసారి చుట్టూ తడిమాడు.

"రెండో ముక్క ఆమెది," అన్నాడు. "ఇంట్లో ఉంది. నేను రాగానే తిందామని కూచుని ఉంటుంది."

"అంతసేపూ ఒక్కతేనా? ఆమెకు దిగులెయ్యదా?"

"వేస్తుంది," అన్నాడు డెల్మర్. "బాగా వేస్తుంది. నేను పోవాలి."

అక్కడ పిల్లలకు ఏ తప్పూ కనిపించలేదు. చరిత్రలో అలాగే ఉంది మరి, మేరీ బతికే ఉంది. అతను గొలుసు గడియారం తీసి చూశాడు. కథ ఎప్పుడూ అక్కడే ముగుస్తుంది. ఆ రాత్రి నాటకానికి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు కాబట్టి, వెళ్ళొస్తానని అనకూడదన్నది లొరేన్ పెట్టిన నియమం. ట్రూడీ చేతిలోంచి రొట్టె తీసుకుని, టోపీ పెట్టుకుని గుమ్మం దాటాడు.

మిస్ ప్రూయిట్ నడవలోకి పరుగున వచ్చింది. ముఖం విప్పారి ఉంది. "ఎంత బాగా చెప్పారండీ. వచ్చే ఏడాదికి కూడా మీరే, సరేనా? ఇప్పుడే రాసేసుకుంటాను. కాఫీ తాగి వెళ్ళండి, మిస్టర్ లింకన్."

అతను ఈ మాట కోసమే వచ్చాడు. అయినా, ఇంట్లో నిజంగానే ఒకరు ఎదురుచూస్తున్నట్టు, ఆగకుండా నడవ చివర తలుపు తోసుకుని, చేతిలో ఆ రొట్టెతో, బురదలో ఆగి ఉన్న బండి వైపు నడిచాడు. కిటికీలో పిల్లలు చేతులు ఊపుతున్నారు. పొడుగు టోపీ వెనక్కి తిరగలేదు.