అర్జెల్ బాబాయ్ బ్యాండులో కుర్చీ

మా అక్క వెర్లీన్ నోరెత్తే మనిషి కాదు. చేపల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కసిరినా, ఇంట్లో అమ్మ తిట్టినా తల వంచుకుని "సరే" అనేది. గిటారు ఒళ్ళోకి వచ్చిందా, ఇక ఆపడం ఎవరి తరం! అక్కడే వచ్చింది చిక్కు.

"కాస్త ఊపిరి పీల్చుకోవా తల్లీ?" అని తల పట్టుకునేవాడు అర్జెల్ బాబాయ్. మా డెల్టాలో ఆయన బ్లూస్ పాటల బ్యాండంటే జనం చెవి కోసుకుంటారు. "నేనో ముక్క పాడి ఆగుతాను. నీ గిటారు దానికి జవాబు చెప్పాలి. నువ్వేమో ఎవరేమన్నారో వినకుండా వాగుతూనే ఉంటావు. బ్లూస్ అంటే ఇద్దరి మధ్య మాటలే పిల్లా!"

ఆయన బ్యాండులో గిటారు వాయించేవాడు మెంఫిస్ పట్నం వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ కుర్చీ మీద అక్క ప్రాణం పెట్టుకుంది. శనివారం మధ్యాహ్నం చేపల విందులో ఒంటరిగా సోలో వాయించి మెప్పిస్తే కుర్చీ తనది, లేకపోతే క్లార్క్స్‌డేల్ నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తానన్నాడు బాబాయ్.

ఆ రోజు బాబాయ్ పెరడంతా జనమే. ఆయన పాట ఆపి అక్క వైపు తలూపాడు. మొదలెట్టింది... అయ్యో, మళ్ళీ అదే వరస! గుక్క తిప్పుకోకుండా వాయించేస్తోంది. పాటకి చిందులేసేవాళ్ళు ఆట ఆపి చేపల మూకుడు వైపు నడిచారు. నాకు ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే దిగింది మా అమ్మ, చర్చికి పెట్టుకెళ్ళే టోపీతో సహా. బ్లూస్ సైతాను పాటని ఆవిడ నమ్మకం.

"వెర్లీన్! సిగ్గు లేదటే నీకు?" గేటు దగ్గర్నుంచే అరిచింది.

అక్క చేతులు ఠక్కున ఆగిపోయాయి. ఒక్క తీగ మాత్రం మెల్లగా సాగదీసి లాగింది. అచ్చం "లేదే...!" అన్నట్టే ఉంది.

పెరడంతా గొల్లుమంది.

"ఎవరితోనే ఆ మాట?" అంది అమ్మ.

అక్క ఒక క్షణం ఆగింది. గిటారు మీద మూడే స్వరాలు. "నీతోనే!"

"చెప్పవే వెర్లీన్, చెప్పు!" జనం పళ్ళేలు పడేసి పరిగెత్తుకొచ్చారు. డ్రమ్ము అందుకుంది. అమ్మ తిట్టడం, గిటారు జవాబివ్వడం! గిటారుతో తగువేసుకున్నానన్న ధ్యాసే లేదు అమ్మకి. అక్క కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతూనే ఉంది. నేను బల్లెక్కి ఈలేశాను. ఎంత సంతోషమో!

"ఇంక నేనెందుకు పాడటం?" బాబాయ్ మైకు వదిలేశాడు. "కుర్చీ నీదేనే పిల్లా!"

అమ్మ ముఖం జేవురించింది. జనాన్ని తోసుకుంటూ వచ్చి, నడుం మీద చేతులేసుకుని గిటారు ఎదుట నిలబడింది.

"పెద్దంతరం చిన్నంతరం లేదూ? ఏదీ, నా మొహం చూసి ఇంకోసారి అను!"

అక్క ఇంకోసారి అంది.