గంగులప్ప రుచి చూసిన పెట్రోలు

గంగులప్పకు రుచి తెలిసినదల్లా పెట్రోలు ఒక్కటే. ముప్పై ఏళ్లు ట్యూబు నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చీ, కార్బొరేటర్ రంధ్రాలు ఊదీ అతని నాలుక మొద్దుబారింది. భార్య పెంచలమ్మ ఒకనాడు పొరపాటున చారులో ఉప్పుకు బదులు చక్కెర వేస్తే, రెండోసారి పోయించుకుని మరీ తిన్నాడు. అదే నాలుక మీద పెట్రోలు చుక్క పడితే మాత్రం అది చిత్తూరు బంకుదో, పలమనేరు బంకుదో చెప్పేవాడు. పోసినవాడి పేరు కూడా చెప్పేవాడని నేనంటే మా ఇంట్లో నమ్మరు.

బంగారుపాళ్యం రోడ్డు పక్కన కార్లు బాగుచేసే రేకుల షెడ్డు అతనిది. బోర్డు లేదు. దారిన పోయే కారు చప్పుడు విని, "రేపొస్తాదిలే" అనేవాడు. ఎక్కువసార్లు వచ్చేది.

1979లో, శనివారాలు వెంకన్నకు దీపం పెట్టే పెరటాసి నెలలో, ఒక ఆదివారం పొద్దున, మామిడికాయల వ్యాపారి దామోదరం తన పాత మోరిస్ కారు తెచ్చాడు. నిలబడి ఉంటే ఇంజన్ బాగానే ఆడుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఊపిరి బిగబట్టి, దగ్గి, ఆ తర్వాత ముందుకు దూకుతోంది. తిరుపతి ప్రయాణం. వెనక సీట్లో దామోదరం తల్లి వరదమ్మ ఉంది. పన్నెండేళ్లుగా ఆ కారు నడిపే కుప్పయ్య, యజమాని స్టీరింగు లాక్కోవడంతో పక్క సీట్లో తలవంచుకుని కూర్చున్నాడు.

"పెట్రోలు అమ్ముకోని కిరసనాయిలు కలిపినాడప్పా వీడు," అన్నాడు దామోదరం దిగుతూనే. "నువ్వొక్క మాట సెప్పు, ఈడనే దింపేసి పోతా. ఇంక పని లేదు వీనికి."

"నేను కలపలేదు సామీ. బిడ్డల మీద ఒట్టు," అన్నాడు కుప్పయ్య.

"ఇద్దురూ కాసేపు గమ్మునుండండి," అని గంగులప్ప ట్యాంకులో ట్యూబు వేసి పీల్చాడు. నోట్లో తిప్పి ఉమ్మేశాడు.

"కిరసనాయిలు లేదన్నా."

"నాలికతో సెప్తావా?"

"మామిడిపండు నువ్వెట్ల సెప్తావో అట్లే."

బానెట్ ఎత్తాడు. ఆ కార్బొరేటర్‌లో ఒక పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే అది చటుక్కున లేచి గాలికీ పెట్రోలుకూ దారి ఇవ్వాలి. గంగులప్ప వేలితో ఎత్తి వదిలాడు. టక్కున పడాల్సింది జారుతూ జారుతూ దిగింది. అది నున్నగా ఆడడానికి పైన ఇత్తడి మూత తీసి పలచని నూనె పోస్తారు. మూత తీస్తే లోపల గోధుమరంగు జిగురు. వేలికి అంటించుకుని వాసన చూశాడు.

"ఏమప్పా కుప్పయ్యా, ఈ నూనె యాడిది?"

"నేను నెలకొకతూరి కుట్టుమిషను నూనె పోస్తానన్నా. అంతే."

"ఇది దీపం నూనె."

కిటికీలోంచి వరదమ్మ తల బయటపెట్టింది. "దేవుని నూనెరా అది! నేనే పోసినా. పెరటాసి శనివారాలు సామి ముందర దీపం పెట్టి, మిగిలిన నువ్వుల నూనె యాడ పారబోసేది? కుప్పయ్య ఆ మూత తీసి పొయ్యడం సూసినా. మూడు వారాలుగా నేనూ రెండు సుక్కలు పోస్తాండా. కొండకు పొయ్యే బండి గదా!"

"అమ్మా!" అన్నాడు దామోదరం.

"ఏం అమ్మా? నన్ను అడిగినావా నువ్వు?"

గంగులప్ప నవ్వలేదు. "అవ్వా, ఇంజన్ వేడికి నువ్వుల నూనె బంకైపోతాది. ఇంక దీపానికే పొయ్యి," అన్నాడు.

పిస్టన్ ఊడదీసి పెట్రోలుతో కడిగి, తుడిచి, మిషను నూనె పోసి బిగించాడు. తానే కల్వర్టు దాకా నడిపి తిరిగొచ్చాడు. ఎక్కడ తొక్కినా దగ్గలేదు.

దామోదరం తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. గంగులప్ప ఆ చేతిని దాటుకుని పోయి, తాళంచెవి కుప్పయ్య అరచేతిలో పెట్టాడు.

"నిదానంగా పోనీ అబ్బా. ఆ మూత నువ్వు తప్ప ఎవురూ తియ్యకూడదు."

దామోదరం చాపిన చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. వెనక తలుపు తెరిచి, "జరగమ్మా," అని తల్లి పక్కన కూర్చున్నాడు.