బుద్రి ఆపిన బండి

మొన్న అక్టోబరులో మా అబ్బాయిని అరకు తీసుకువెళ్తుంటే, ఎగువ నుంచి దిగే గూడ్సుకి దారి ఇవ్వడానికి మా పాసింజరుని టైడాలో నిలిపేశారు. అద్దాల బోగీలో టికెట్లు దొరకలేదని కొత్తవలస నుంచి అలిగి కూర్చున్న మావాడు ఫోనులోంచి తల ఎత్తలేదు. ఇనుపరాయి నింపుకున్న గూడ్సు కీచుమంటూ పక్క పట్టాల మీద దిగిపోయింది, దాని వెనకాలే ఆ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. కొండ ఘాటు దిగే బండి బ్రేకులు కాగి కాగి వదిలే వాసన అది. మాడిన ఇనుమూ, తడి మట్టీ, ఎక్కడో కాలిన గోనెసంచీ కలిసినట్టు ఉంటుంది. ఎదురు సీటాయన ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం కిటికీ ఊచ పట్టుకుని ఎగువకి చూశాను.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. విజయనగరం పక్క పల్లెలో పుట్టి, ఉద్యోగం కోసం కొండెక్కి, టైడాకి ఎగువన లైను పక్కనే ఉన్న ఆరు క్వార్టర్లలో చివరిదాంట్లో మమ్మల్ని పెట్టాడు. తెల్లవారకముందే ఆయన పట్టాల మీద నడుస్తూ ఒక్కో బిగింపునీ సుత్తితో కొట్టి చూసుకునే చప్పుడుకి నేను నిద్ర లేచేదాన్ని. ఆయన సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, మూడు గుండ్రటి రేకు పటాసులు ఉండేవి. వాటిని పట్టాకి బిగిస్తే బండి చక్రం ఎక్కగానే ఢామ్మని పేలి డ్రైవరుని హెచ్చరిస్తాయి. ఆ సంచి మేం ముట్టుకుంటే వీపు విమానం మోతే.

వానాకాలం నాలుగు నెలలూ మబ్బు మా గుమ్మంలోనే కాపురం ఉండేది, బట్టలు పొయ్యి మీద దండెం కట్టి ఆరబెడితే బడికి పొగ కంపుతోనే వెళ్లేవాళ్లం, చలికాలం వలిసె పూలు కొండవాలంతా పసుపు పోసేవి, ఎండాకాలం పనసపండు కోస్తే జిగురు వదలక చేతులకి నూనె రాసుకుని తిరిగేవాళ్లం. ఇన్నింటిలోనూ నా వెంట బుద్రి ఉండేది. మా పైన కొండమీద ఊరిది, నాకంటే ఏడాది చిన్నది. సొరకాయ బుర్రలో వాళ్లమ్మ పోసిచ్చిన రాగి అంబలి తెచ్చి సగం నాకు తాగించేది. నన్ను 'నానీ' అని పిలిచేది, అంటే వాళ్ల మాటలో అక్క.

తొంభైల మధ్యలో మా గ్యాంగు మేస్త్రీ ఇంట్లోకి టీవీ వచ్చింది. నలుపు తెలుపుది. వెదురు గెడకి కట్టిన యాంటెన్నాని ఒకరు తిప్పుతూ ఉంటే మిగతావాళ్లం కిటికీకి వేలాడి ఆదివారం సినిమా చూసేవాళ్లం. ఒక ఆదివారం ఒక హీరో, పేరు ఇప్పుడు గుర్తులేదు, విరిగిన వంతెన ముందు పట్టాల మధ్య నిలబడి, చొక్కా విప్పి ఊపాడు. దూసుకొచ్చిన రైలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగింది. ఆ చొక్కా తెర మీద బూడిదరంగులోనే కనబడింది, అయినా అది ఎర్రదని మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

మర్నాటి నుంచి మా ఆట అదే. ఒకరు బండి, ఒకరు హీరో. నాన్న పారేసిన చిరుగుల ఎర్రజెండా మా చొక్కా. బండి అయినవాళ్లు కూతపెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి హీరో ముక్కు ముందు ఆగాలి, హీరో కన్ను ఆర్పకూడదు. రోజుకొకరి వంతు. నాన్న ఒకసారి చూసి సుత్తి కింద పెట్టాడు.

"ఓలే గుంటా, ఆడికి బండి ముందే సెప్పి ఆపీసినారే. నిజెం బండి నిన్ను సూసి ఆగదు. నిన్ను దాటిపోయి ఆగుతాది. పట్టా మీద రాయి పడిందనుకో, బండి ఆపాలంటే ఆ రాయికాడ నిలబడకూడదు, బండికి ఎదురెళ్లాల, ఎంత దూరమెళ్తే అంత మంచిది."

నాన్నకి కుళ్లు అనుకున్నాను. ఇన్నేళ్లు పట్టాల మీద నడిచినా ఆయన్ని ఎవరూ టీవీలో చూపించలేదు కదా, ఆ ఉక్రోషం అనుకున్నాను. ఆయన నోటితో చెబుతున్నాడు, నేను కళ్లతో చూశాను. ఇక బుద్రికైతే సినిమా కూడా అక్కర్లేదు. చైత్రంలో మగవాళ్లు వేటకి వెళ్లే ఇటుకల పండగకి వాళ్ల ఊరి ఆడవాళ్లు ఘాటు రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ పట్టుకుని పజోరు, అంటే పండగ మామూలు, అడిగేవాళ్లు. లారీ అయినా జీపు అయినా డబ్బులిచ్చి నవ్వించి కదలాల్సిందే. అడ్డం నిలబడితే ఎంత పెద్ద బండైనా ఆగుతుందని బుద్రి పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది.

ఆ యేడు వానాకాలంలో నాన్నకి మలేరియా వచ్చింది. మూడు దుప్పట్ల కింద వణుకుతూ పడుకుంటే, అమ్మ టైడా వెళ్లింది మాత్రలకి. నేనూ బుద్రీ పుట్టగొడుగులకి బయలుదేరాం. మా క్వార్టర్లకి దిగువన చిన్న సొరంగం ఉంది, దాని మీదుగా కాలిబాట ఉంది. బాట దిగి అవతలి మలుపులోకి వచ్చేసరికి కొండచరియ జారి ఉంది. పొయ్యికి పనికొచ్చే రాళ్లు కావు. దూడంత బండ ఒకటి పట్టా మీద కూర్చుంది.

నాన్న నేర్పినట్టు పట్టా మీద అరచెయ్యి పెట్టాను. ఇంకా చల్లగా, కదలకుండా ఉంది. కానీ గూడ్సు వచ్చే వేళే. ఎగువ నుంచి వచ్చే బండి సొరంగంలోంచి బయటపడితే గానీ డ్రైవరుకి ఆ బండ కనబడదు. అది నాకు తెలుసు. పదేళ్లకే తెలుసు.

బుద్రి పుట్టగొడుగుల మూట విప్పేసింది. మూట కట్టింది ఆ చిరుగుల జెండాలోనే. పుట్టగొడుగులన్నీ కంకర మీద పడ్డాయి.

"నానీ, ఈసారి నా వంతు" అంది.

నేను వద్దనలేదు. నాన్నని పిలుస్తానని చెప్పి బాట ఎక్కాను. సొరంగం నెత్తిన ఒక్కసారి ఆగి వెనక్కి చూశాను. బుద్రి రాయికి ఇవతల, పట్టాల మధ్య, అచ్చం ఆ హీరోలాగే కాళ్లు ఎడం చేసి నిలబడి ఉంది. దాన్ని పిలవచ్చు. పిలిస్తే వినబడే దూరమే. కానీ ఎవరు గెలుస్తారో చూడాలని ఉంది నాకు, నాన్నో, టీవీయో. ఇది రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

ఇంటికి వచ్చి రాయి పడిందని చెబితే నాన్న దుప్పట్లు తన్నేసి లేచాడు.

"బుద్రి ఏది?"

"రాయికాడ నిలబడింది. గుడ్డ ఊపుతాదంట."

అప్పుడు నాన్న ముఖం చూశాను. ఆ క్షణంలో నాకు టీవీ మీద నమ్మకం మొత్తం పోయింది, కానీ ఇక వెనక్కి వెళ్లే వ్యవధి లేదు, ఎగువన ఎక్కడో బండి కూత పెట్టేసింది. నాన్న సంచి భుజాన వేసుకుని బుద్రి వైపు కాదు, బండి వైపు పరుగెత్తాడు. ఒకసారి బోర్లా పడ్డాడు, లేచాడు, మబ్బులో కలిసిపోయాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒకటి పేలింది. రెండు. మూడు. ఆ వెంటనే కొండంతా ఒకటే కీచుమని అరుపు.

మూడు ఇంజన్లు మా గుమ్మం ముందు నుంచి వెళ్లిపోయాయి. ఆగలేదు. చక్రాల కింద నిప్పురవ్వలు, ఆ మాడు వాసన. ఇంజన్లు సొరంగంలోకి దూరిపోయాయి, వాటి వెనక పెట్టెలు, ఒకదాని వెనక ఒకటి, నాకూ బుద్రికీ మధ్య గోడకట్టినట్టు. వేగం తగ్గుతోంది, కానీ ఇంకా పోతూనే ఉంది. ప్రతి పెట్టె సొరంగంలోకి దూరినప్పుడల్లా అవతలి మూతి వైపు ఇంజన్ అంత మేర ముందుకి జరుగుతోందని నాకు అర్థమవుతోంది. పద్నాలుగు పెట్టెల వరకు లెక్కపెట్టాను. తర్వాత కళ్లు మూసుకున్నాను. ఎప్పుడు ఆగిందో తెలీదు, నాన్న వచ్చి రెక్క పట్టుకుని బాట మీదికి లాక్కెళ్లాక కళ్లు తెరిచాను.

ఇంజన్ ముక్కు సొరంగంలోంచి బయటికి వచ్చి ఆగి ఉంది. దానికీ బుద్రికీ మధ్య ఒక ఎడ్లబండి పట్టే జాగా ఉంది, అంతే. డ్రైవరు దిగి కంకర మీద చతికిలబడి ఉన్నాడు. బుద్రి ఇంకా జెండా దించలేదు.

"ఆగింది, నానీ" అంది.

నాన్న దాన్ని ఎత్తుకుని ఏడ్చాడు. తర్వాత నా చెంప మీద కొట్టాడు, జీవితంలో ఒకే ఒకసారి.

"దాన్నొగ్గేసి ఎలాగొచ్చినావే?"

"రమ్మన్నాను. అదే రానంది" అన్నాను. బుద్రి వింటూనే ఉంది.

జ్వరం తగ్గాక నాన్న మా ఇద్దరినీ ఎగువకి నడిపించుకెళ్లి పటాసులు పేలినచోట పడి ఉన్న రేకు ముక్కలు ఏరి చూపించాడు. అక్కడి నుంచి ఆ మలుపు దాకా పట్టాల కింది ఒక్కో స్లీపరూ లెక్కపెట్టించాడు. మధ్యలో మేం లెక్క తప్పితే మళ్లీ మొదటికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత ఆ ఆట మళ్లీ ఎవరమూ ఆడలేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లకి కప్పులు లేవు, లోపల లంటానా పొదలు. నాన్న పోయి ఆరేళ్లయింది. కిటికీకి వేలాడి పదిమంది ఒకే బొమ్మ చూసే రోజులు అంతకు ముందే పోయాయి. మా అబ్బాయికి ఒక్కడికే ఒక తెర ఉంది, అందులో అంతా అబద్ధమేనని వాడికి ముందే తెలుసు. మావాడిని ఎవరూ మోసం చెయ్యలేరని గర్వపడాలో, వాడు దేన్నీ నమ్మడని భయపడాలో నాకు తెలియడం లేదు.

గూడ్సు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద సీతాఫలాల బుట్టతో బుద్రి కనబడింది. మధ్యలో ఎన్నిసార్లు కలిసినా ఆరోజు మాట మేం ఎత్తలేదు. ఈసారి మావాడిని చూసి తనే ఎత్తింది. నీ అంత ఉన్నప్పుడు ఎర్రగుడ్డ ఊపి ఇక్కడే ఎగువన బండి ఆపానని చెప్పింది. వాడు ఫోను పక్కన పెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు.

"వీడియో ఉందా?"

బుద్రి నవ్వింది. "వీడియో ఏటికి? మీ అమ్మ ఉంది కదా. అడుగు."

వాడు నా వైపు తిరిగాడు. ఇంజన్ కూత పెట్టింది.

"నేను చూడలేదు నాన్నా" అన్నాను. తర్వాత కిటికీలోంచి వంగి ఆమెతో చెప్పాను. "ఆరోజు నిన్ను రమ్మన్నానని అబద్ధం చెప్పాను, బుద్రీ. నేను పిలవలేదు."

ఆమె రెండు పండ్లు ఏరి కిటికీలోంచి మావాడి ఒళ్లో పెట్టింది.

"ఎరికే నానీ" అంది. "పిలిస్తే వచ్చేదాన్ని కదా."

బండి కదిలింది.