పసుపుకు రంగు పూసిన మొనగాణ్ణి

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పండించినవాళ్లు ఎందరో ఉన్నారు. పసుపుకే పసుపు రంగు పూసి, సొంత మేనకోడలి తొట్టెల పండగను దవాఖానకు నడిపించిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. నవ్వండి, ఫర్వాలేదు. మా ఇంట్లో ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

ఎనభైల చివర్లో సంగతి. నాకు పందొమ్మిదేళ్లు. ఇంటర్ పాసయ్యాను కాబట్టి లోకంలో నాకు తెలియనిది లేదు. మా నాయన ముప్ఫై ఏళ్లుగా పసుపు పండిస్తున్నాడు కాబట్టి, నా దృష్టిలో ఆయనకు ఏమీ తెలియదు.

పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పుతారు. పొట్టు రాలి నునుపెక్కుతాయి. అంగట్లో ఎవరి కుప్పో తళతళలాడుతుంటే, మాది జ్వరం పడి లేచినట్టుండేది. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఆఖరి తిప్పుడులో రంగు కలిపితే ఆ మెరుపు వస్తుందని ఎవరో చెవిలో వేశారు. నిజమో కాదో అడగలేదు. నేరుగా రంగుల దుకాణానికి పోయాను.

"తలుపులకా, కిటికీలకా?" అన్నాడు సేటు.

"పసుపుకు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పసుపు పచ్చగనే ఉంటది గద తమ్మీ?"

"జర ఎక్కువ పచ్చగ ఉండాలె."

"నీ ఇష్టం. గని చేతులు మంచిగ కడుక్కో, నోట్లెకు పోనియ్యకు. గిది తలుపుల రంగు!"

విన్నాను. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో వాడుకునే పసుపును డ్రమ్ములో వేయకముందే తీసి వేరే గంపలో పెడతారు. ఆ గంపను నాకు అప్పగించి అమ్మ లోపలికి పోయింది. లోపల పురిటికి వచ్చిన అక్క, చంటిపాప. ఇరవై ఒకటో రోజున పాపను ఉయ్యాల్లో వేసే తొట్టెల పండగ. నాకు ప్రేమ పొంగుకొచ్చింది. అంగట్లో జనానికి మెరిసే పసుపు, నా మేనకోడలికి మొరటు పసుపా? గంపను కూడా డ్రమ్ములో కుమ్మరించి, రంగు చల్లి తిప్పి, ఇంటికని మళ్లీ గంపెడు తీసి పెట్టాను.

తొట్టెల రోజు నాయనమ్మ ఆ కొమ్ములు దంచి ముద్ద చేసింది. "ఏం రంగొచ్చింది మన పసుపుకు!" అని గిన్నె పట్టుకుని నాలుగిళ్లకు చూపించి వచ్చింది. నేను మీసం మెలేశాను. అప్పటికి మొలిచింది నాలుగు వెంట్రుకలే, అది వేరే సంగతి.

అమ్మ ముద్ద తీసి పాప చేతులకూ కాళ్లకూ రాసింది. పాప ఆ పచ్చటి పిడికిలిని మెల్లగా నోటి దగ్గరికి తీసుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది సేటు మాట.

"అమ్మా! చెయ్యి పట్టు!" అంటూ దూకాను. పిడికిలి దొరికింది గానీ కాలు జారి గిన్నె మీద బోర్లా పడ్డాను. ముఖం, మెడ, కొత్త అంగీ, అంతా పచ్చే.

"ఏమైందిరా? పిస లేచిందా?" అంది అమ్మ.

"గది ఉత్త పసుపు కాదమ్మా!"

"మరేంది?"

"తలుపుల రంగు కలిపిన."

అక్క గొల్లుమంది. బావ అంగీ చేతులు పైకి మడిచాడు. ఆయన పని మొదలుపెట్టేలోగా అమ్మ పాపను సబ్బుతో కడిగి, అందరినీ రిక్షాల్లో దవాఖానకు బయల్దేరదీసింది.

అక్కడ కంపౌండరు పాపను చూడనేలేదు. నన్ను చూసి అదిరిపడ్డాడు. "మేడం! కామెర్లు! గింతగనం ముదిరినయి నేనెన్నడు చూడలే!"

"నాకు కాదు సార్, పాపకు..."

"నువ్వు మాట్లాడకు, పండుకో! ఎన్ని దినాలాయె?"

"పొద్దుగాలనే..."

"పొద్దుగాల్నుంచి గింతనా!" అని నన్ను మంచం మీదికి తోశాడు.

డాక్టరమ్మ వచ్చి నా చెంప గోటితో గీకి చూసింది. సంగతంతా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"గిసొంటి రంగులల్ల సీసం ఉంటది. పాప నోట్లెకు పోలే, కడిగిండ్రు, ఫికర్ చెయ్యకుండ్రి. గని రోజు కూరల ఇంతింత తింటే పిల్లల మెదడు దెబ్బ తింటది. రుచి తెల్వది, వాసన తెల్వది. తెలిసేటాలకు చెయ్యి దాటుతది."

అక్క పాపను గట్టిగా హత్తుకుంది. ఆ చిన్న పిడికిలి గుర్తొస్తే నాకు ఇప్పటికీ భయమే.

ఇంటికొచ్చాక నా తెలివి మళ్లీ లేచింది. "గంపల పసుపు పారబోద్దాం నాయినా. అంగడికి పోయేది మనం తినం గద?"

నాయనమ్మ నా వైపు తిరిగింది. "కొనుక్కపోయేటోళ్ల ఇండ్లల్ల తొట్టెల కట్టరారా?"

నాయన గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బాయికి దూరంగ తవ్వు" అన్నాడంతే. డ్రమ్మెడు పసుపును నేనే పూడ్చాను.

నేను రంగు వేయక మిగిలిన మొరటు పసుపు తీసుకుని మూడో రోజు అంగడికి పోయాం. ఎంత తోమినా నా ముఖం పచ్చ వదల్లేదు.

"ఏం పటేలా, మీ పసుపుకు మెరుపు లేదేంది?" అన్నాడు కొనేవాడు.

నాయన నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పాడు. "మెరుపంత గిటు పోయింది."

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా తినే వస్తువుకు రంగు పూయను. ఆ మాటకొస్తే తలుపుకు కూడా పూయను. మా ఇంటి తలుపులు ఈనాటికీ ఉత్త చెక్కే. చూసినవాళ్లు పిసినారి అనుకుంటారు, అనుకోనివ్వండి.