తారు మీద ఊక

పదేళ్ళు దాటింది. నాలుగు మాటల అబద్ధం ఒకటి మోస్తున్నాను. మనిషి కుంగిపోయేంత బరువని చెప్పను, అలా చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. వేళకి తిన్నాను, నిద్రపోయాను, పిల్లల్ని చదివించుకున్నాను. ఊళ్ళో నలుగురిలో పెద్దమనిషిగా చలామణి అవుతున్నాను. కాకపోతే జేబులో రాయి పెట్టుకుని తిరుగుతున్నట్టు, వంగినప్పుడల్లా అది ఉందని తెలుస్తూనే ఉంటుంది. మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పడం తేలిక. తేలికైన దారి వెతుక్కోవడం నాకు మొదట్నుంచీ అలవాటు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ అలవాటు గురించే.

తొంభైల చివర్లో గుడివాడ నుంచి ముదినేపల్లి వెళ్ళే రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నేను కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజర్ని. పని ఆగనివ్వడని నాకు పేరు. రోలరు చెడిపోయినా, కంకర లారీ రాకపోయినా ఏదో ఒక కిటుకు కనిపెట్టి సాయంత్రానికి పని అయిందనిపించేవాణ్ణి. "బుర్రంటే నీదేనయ్యా" అని ఇంజనీరుగారు భుజం తట్టేవారు. ఆ మాటకి నేను పడిపోయేవాణ్ణి. ఇప్పుడు తల్చుకుంటే, జీతం కంటే ఆ మాట కోసమే ఎక్కువ పనిచేశానేమో.

ఆ రోడ్డు పక్కనే ఒక స్కూలు. అందులో లెక్కల మాస్టారు ప్రభుదాసుగారు. మా కూలీలు ఎండలో కూర్చుని అన్నాలు తినడం చూసి, హెడ్మాస్టరుతో మాట్లాడి స్కూలు వరండా ఇప్పించారు. తను చదవడం అయ్యాక పేపరు మడతపెట్టి నాకు పంపేవారు. ఆయన మోటారుసైకిలు నడిపే తీరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నవ్వులాట. ముప్పై దాటేవారు కాదు. వెనక సైకిలు బెల్లు కొట్టినా పక్కకి తప్పుకుని దారిచ్చేవారు. ఆ రోజుల్లో మా వైపు హెల్మెట్ పెట్టుకున్న మనిషిని నేను చూసింది ఆయన్నే. కుర్రాళ్ళు ముప్పై మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "నాకు బండి నేర్పిన మావయ్య మూడో గేరు చెప్పకుండానే పోయాడండీ" అని తనమీద తనే జోకు వేసుకునేవారు.

ఇప్పుడు రోడ్డు పని గురించి కొంచెం చెప్పాలి. పాత రోడ్డు ఊడ్చి, దాని మీద పల్చగా వేడి తారు కొడతారు. ఆ పూత మీద కంకర కలిపిన తారు పరుస్తారు. రెండోది ఆ రోజే పడాలి. పడకపోతే ఆ జాగా మూసెయ్యాలి, కుదరకపోతే ఇసక చల్లి, రెండు చివర్లా ఎర్రగుడ్డ కట్టిన డ్రమ్ములు పెట్టాలి. లేకపోతే బళ్ళు జారతాయి. ఇది నాకు తెలుసు. తెలియక చేశానని నేనెక్కడా అనబోవడం లేదు.

కోతల కాలం. కోతలప్పుడు మా వైపు రోడ్డు సగం రైతులదే. ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేరుస్తారు. గడ్డి పరుస్తారు. బళ్ళు వాటి పక్కనుంచీ, ఒక్కోసారి వాటి మీంచీ పోతాయి. ఎవరూ ఏమీ అనుకోరు. రోడ్డు మీద పచ్చగా, గోధుమరంగులో ఏది పరిచి ఉన్నా మా వాళ్ళ కంటికి అది ఎవరిదో పంట. కాస్త నెమ్మది చేసుకుని వెళ్ళిపోతారు. బెదరరు.

ఆ రోజు పదకొండింటికల్లా మూడొందల గజాల మేర తారు కొట్టేశాం. అప్పుడు కబురొచ్చింది, కంకర కలిపే ప్లాంటు చెడిపోయిందని, ఇవాళ లోడు రాదని. ఇసక కుప్ప మైలు అవతల కల్వర్టు దగ్గరుంది. ట్రాక్టరు డ్రైవరు భోజనానికి ఊళ్ళోకి వెళ్ళాడు. వచ్చేపోయేవాళ్ళు చెప్పులకీ చక్రాలకీ తారు అంటుకుని మమ్మల్ని తిడుతున్నారు. ఎదురుగా రైసు మిల్లు. మిల్లు వెనక గుట్టలుగా ఊక. నా బుర్ర వెంటనే పనిచేసింది. వెళ్ళి అడిగాను. "తీసుకోండి, దానికేం భాగ్యం. ఆ చివర డ్రమ్ము కాస్త పక్కకి లాగించండి, మా లారీ తిరగట్లేదు" అన్నాడు గుమస్తా. లాగించాను. కూలీలు గంపలతో ఊక మోసి చల్లారు. అరగంటలో తారు కనపడకుండా పోయింది. తిట్లు ఆగాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా కూలీల్లో పెద్దావిడ నాగమణి ఒక్కతే గంప దించి నిలబడింది. "చినుకు పడితే జారుద్దేమో బాబూ. ఇసకొచ్చిందాకా ఆగుదాం" అంది. మబ్బేదీ అన్నాను. మబ్బు ఉంది. బందరు వైపు, సముద్రం మీద, నల్లగా ఉంది. ఇద్దరం చూశాం. ఆవిడ మళ్ళీ గంప ఎత్తుకుంది. నేను సైటు డైరీలో "ఇసుక చల్లడమైనది" అని రాసుకున్నాను. ఇసకకీ ఊకకీ తేడా ఏముందిలే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? అలా అనుకుని ఉంటే ఊక అనే రాసేవాణ్ణి కదా.

మూడింటికి తుంపర మొదలైంది. రైతులు పరుగున వచ్చి ధాన్యం కుప్పచేసి పట్టాలు కప్పుకున్నారు. మా ఊక అలాగే ఉంది. ట్రాక్టరు డ్రైవరు అప్పటికే వచ్చేశాడు. ఇసక తెమ్మని పంపొచ్చు. తెల్లారి ఎలాగూ కంకర పడుతుంది, మళ్ళీ ఈ ఊకంతా ఊడవాలి, దాని మీద ఇసక కూడా ఎందుకు అనుకున్నాను. మిల్లు అరుగు మీద కూర్చుని టీ తెప్పించుకున్నాను.

నాలుగు దాటాక ప్రభుదాసు మాస్టారు వచ్చారు. వెనక ఆయన చెల్లెలు శాంతి. ఆ అమ్మాయి నర్సు చదివింది. బందరులో ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చి నెలయింది. సెలవుకి వచ్చి తిరిగి వెళ్తోంది. గుడివాడలో బస్సు ఎక్కించడానికి తీసుకెళ్తున్నారు.

నేను చూశాను. ఇరవై గజాల దూరంలో, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని చూశాను. ఆయన ఎప్పటిలా ముప్పైలోనే వస్తున్నారు. ఊక కనిపించగానే ఇంకా తగ్గించారు. ఎవరిదో ధాన్యం అనుకుని ఉంటారు. ధాన్యం మీంచి ఎలా వెళ్ళాలో అలాగే, హ్యాండిలు నిటారుగా పట్టుకుని, బ్రేకు మెల్లగా తొక్కుతూ వచ్చారు. ముందు చక్రం పక్కకి కొట్టుకుపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. బండి పడి, శాంతి కాలు దాని కింద ఉండగానే, జారుకుంటూ వెళ్ళి మైలురాయికి తగిలి ఆగింది. డ్రమ్ము దాని చోట ఉంటే ఆయన అక్కడే దిగి బండి నడిపించుకుంటూ వెళ్ళేవారు. అలాంటి మనిషి.

మిల్లు వ్యానులో ఇద్దర్నీ గుడివాడ ఆస్పత్రికి పంపాను. ఆ మాత్రం చేశాను. వ్యాను మలుపు తిరిగిందో లేదో, కూలీల్ని పిలిచి ఊకంతా ఊడ్పించి కాలవలో పోయించాను. ఇసక తెప్పించి చల్లించాను. డ్రమ్ము లాగి దాని చోట పెట్టించాను, తడిసిన ఎర్రగుడ్డ పిండి మళ్ళీ కట్టాను. గంట పట్టింది. మధ్యాహ్నం కుదరని పని. ఎవరో ఒక్కరు నన్ను నిలదీసి ఉంటే భయపడి చేశానని సర్దిచెప్పుకోవచ్చు. అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు. నాగమణి తలెత్తకుండా ఊడ్చింది. ఆ వారమే వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంజనీరుగారు వచ్చి చూశారు. డైరీ చూశారు. "అన్నీ సక్రమంగానే ఉన్నాయే, మరెలా పడ్డాడు?" అన్నారు. పక్కనున్నవాళ్ళే జవాబు అందించారు. బస్సు తప్పిపోతుందన్న తొందరలో మాస్టారు ఇవాళ స్పీడుగా లాగించి ఉంటారన్నారు. స్పీడు అన్న మాట మొదట నా నోట్లోంచి రాలేదు. ఈ సంగతి నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. దానివల్ల ఏమీ తగ్గలేదు.

మూడోరోజు ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? పలకరించడానికనే అనుకున్నాను. ఆయనకి ఏం గుర్తుందో కనుక్కోవడానికే వెళ్ళానని ఇప్పుడు అనిపిస్తోంది. హెల్మెట్ వల్ల ప్రాణం దక్కింది కానీ, తలకి దెబ్బ తగిలి, స్కూలు గేటు దాటిన దగ్గర్నుంచీ ఆయనకి ఏదీ గుర్తులేదు. పక్క వార్డులో శాంతికి మోకాలు ఆపరేషను అయింది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నారు.

"మీరు అక్కడే ఉన్నారటగదండీ. దాచకుండా చెప్పండి. నేను స్పీడుగా వచ్చానా?"

జవాబుకి నాకు పెద్ద టైము పట్టలేదు.

"కాస్త స్పీడుగానే వచ్చారు మాస్టారూ."

ఆయన తల ఊపారు. చెయ్యి వదల్లేదు.

"అంతేలెండి. చెల్లెలికి బస్సు దొరకదేమోనన్న కంగారులో స్పీడు చూసుకుని ఉండను. ఇంకొకరయితే నన్ను నొప్పించడం ఎందుకని ఏదో ఒకటి చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. మీరు నిజం చెప్పారు. థాంక్సండీ."

బయటికొచ్చి బస్టాండులో పళ్ళరసం తాగాను. అదీ గుర్తుంది. దాహం వేసింది.

శాంతి మోకాలు మళ్ళీ వంగలేదు. నిలబడి చేసే ఉద్యోగం కాబట్టి నర్సు పని పోయింది. మాస్టారు గుడివాడలో ఆమెకి టెలిఫోను బూత్ పెట్టించారు. సెల్‌ఫోన్లు వచ్చాక అందులోనే జెరాక్స్ మిషను పెట్టుకుంది. కర్ర పట్టుకుని నడుస్తుంది. మాస్టారు బండి అమ్మేశారు. మళ్ళీ ఏ బండీ ముట్టలేదు. బస్సులో స్కూలుకొచ్చేవారు, బస్సు లేకపోతే నడిచేవారు. ఎవరైనా బండి మీద ఎక్కించుకుంటామంటే వద్దనేవారు. వానలో గొడుగు వేసుకుని నడిచి వెళ్తున్న ఆయన్ని నా బండి మీద నేను చాలాసార్లు దాటిపోయాను. రెండుసార్లు ఆపాను కూడా. రెండుసార్లూ నవ్వి, మీరు వెళ్ళండి అన్నారు.

మా అబ్బాయి ఆయన దగ్గరే చదివాడు. పదో తరగతిలో ఒకరోజు ఇంటికొచ్చి చెప్పాడు. లెక్కల మాస్టారు ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకి ఆఖరి క్లాసులో లెక్కలు చెప్పరట. తను ఒక్కరోజు తొందరపడి బండి తోలి చెల్లెలి కాలు పోగొట్టిన సంగతి చెబుతారట. వాడు భయపడిపోయి చెప్పాడు. ఇప్పటికీ నలభై దాటించడు. దాంతో నేను కొన్నేళ్ళు బతికాను. నా అబద్ధం వల్ల ఎంతమంది పిల్లలు నెమ్మదిగా నడుపుతున్నారో అని లెక్క వేసుకున్నాను. మనిషి తల్చుకుంటే దేన్నయినా పుణ్యంగా మార్చుకోగలడు. కానీ ఆ పిల్లలకి తెలియాల్సింది వేరే ఉంది. పని జరుగుతున్న రోడ్డు మీద ఇరవైలో వెళ్ళినా పడతారని, కింద ఏముందో దిగి చూడాలని ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

మొన్న మాస్టారు రిటైరయ్యారు. స్కూల్లో సన్మానం. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆయన మాట్లాడుతూ మళ్ళీ ఆ సంగతే ఎత్తారు. జీవితంలో తనకి మొహం మీద నిజం చెప్పిన మనిషి ఒకాయన ఈ సభలో ఉన్నారని, లేచి నిలబడమని నన్ను పేరు పెట్టి పిలిచారు. లేచాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అయినా చేతులు జోడించే ఉంచాను. ముందు వరసలో కుర్చీ పక్కన కర్ర ఆనించుకుని శాంతి కూర్చుని ఉంది. వెనక్కి తిరిగి నన్నే చూసింది. చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు ఆమె చీరకి తారు అంటి ఉంటుంది, తారుకి ఊక అంటి ఉంటుంది. నర్సు. తన గాయం తను చూసుకునే ఉంటుంది. ఆమెకి తెలుసా? తెలిస్తే ఇన్నేళ్ళూ అన్నకి ఎందుకు చెప్పలేదు? నేను చెబుతానని చూస్తోందా? తెలుసుకునే ధైర్యం నాకు లేదు. ఆ బూత్ ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇప్పుడు అవతలి పక్కకి మారుతున్నాను.

ఆయన ఇల్లు మా ఇంటికి నాలుగు మైళ్ళు. ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. అక్కడికి వెళ్ళడానికి పావుగంట చాలు. వెళ్తానని మీకు మాటివ్వను, మాటిస్తే మళ్ళీ తేలికైన దారే అవుతుంది. క్షమించమని మిమ్మల్ని అడగను. మీ కాలు కాదు పోయింది. ఎప్పుడూ నోట్లోంచి బయటికి రాని ఆ మాట ఒక్కసారి కాగితం మీదైనా చూసుకోవాలనిపించింది. రాస్తుంటే ఛాతీలో ఏదో కాస్త వదులయింది, అది కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

ఆయన అడిగింది నన్ను. జవాబు ఇది.

లేదండీ మాస్టారూ. మీరు స్పీడుగా రాలేదు.