నోటీసు అంటించినవాడి కొడుకులు

మొన్న ఆదివారం మిస్సిసాగాలో మా తెలుగు సీనియర్ల సమావేశంలో ఒక రిటైర్డ్ డాక్టరు గారు, ఉప్మా ప్లేటు ఇంకా చేతిలో ఉండగానే, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మనీ మీద ఉపన్యాసం దంచారు. ఓడిన దేశం తరఫున సంధికి సంతకం పెట్టిన ప్రభుత్వం వట్టి చేతకానిదట, స్ట్రాంగ్‌గా నిలబడి సైన్ చేయకుండా ఉంటే ఆ తర్వాతి ఘోరాలేవీ జరిగేవి కావట. మన వయసువాళ్ళందరూ తలలూపుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. యుద్ధం నడిపించి, ఓడి, ఇక మావల్ల కాదు సంధి చేసుకోండని చేతులెత్తేసిన సైన్యాధికారులు దర్జాగా పక్కకి తప్పుకుంటే, అప్పుడే గద్దెనెక్కిన పాపానికి కొత్త ప్రభుత్వం నెత్తిన పడింది ఆ సంతకం. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి ఎంత చదువుండాలి చెప్పండి!

నాకు మాత్రం చదువుతో అర్థమైందా అంటే అదీ లేదు. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పిన రోజుల్లో నేనూ దీన్ని పరీక్షకొచ్చే ప్రశ్నగానే చెప్పి, కారణాలు వరసగా రాయించి చేతులు దులుపుకున్నాను. తర్వాత, నలభై ఏళ్ళ కిందట, మావారి వెంట కెనడా వచ్చిపడి, నా ఎమ్మే ఇక్కడ ఎందుకూ కొరగాదని తేలాక, ఒక వృద్ధాశ్రమం భోజనాల గదిలో వడ్డించే పనికి కుదిరాను. మావారు మా అత్తగారితో అది హాస్పిటల్ ఉద్యోగమని చెప్పుకునేవారు, అది వేరే మంట.

ఆ ఆశ్రమంలో ఇద్దరు జర్మన్ అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి, ఇద్దరికీ భార్యలు పోయారు, గదులు పక్కపక్కనే, భోజనానికి మాత్రం అన్న కిటికీ దగ్గర, తమ్ముడు తలుపు దగ్గర. అక్కడ ఎవరి కుర్చీ వాళ్ళదే, మార్చకూడదు. నాకేమో తోడబుట్టినవాళ్ళు ఒకే పంక్తిలో కూర్చుని తింటే పంతాలు వాటంతటవే కరుగుతాయని గట్టి నమ్మకం, మా పుట్టింట్లో అలాగే జరిగేది మరి. అందుకని ఒక మధ్యాహ్నం ఎవర్నీ అడక్కుండా తమ్ముడి ప్లేటు తీసుకెళ్ళి అన్న బల్ల మీద పెట్టాను. తమ్ముడు వచ్చి చూసి, ప్లేటు పక్కకి నెట్టి, జర్మన్లో నాలుగు మాటలు విసిరి, తినకుండానే వెళ్ళిపోయాడు. సూపర్‌వైజరు నాకు చీవాట్లు పెట్టింది. పెద్దాయన, అంటే అన్న, మాత్రం ఆ సాయంత్రం టీ ఇవ్వడానికి వెళ్తే కూర్చోబెట్టి సంగతంతా చెప్పాడు.

వాళ్ళ నాన్న జర్మనీ బొగ్గు గనుల ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళో స్టేషన్ మాస్టరట. సంధిలో జర్మనీ ఒప్పుకున్న నష్టపరిహారం సరిగా ఇవ్వడం లేదని ఫ్రెంచి సైన్యం వచ్చి ఆ బొగ్గు గనుల ప్రాంతంలో తిష్ఠవేస్తే, వాళ్ళకెవరూ పని చెయ్యొద్దని జర్మన్ ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. ఆయన రైళ్ళు ఆపేశాడు, ఊరంతా ఆయన్ని భుజాలకెత్తుకుంది. పని మానినవాళ్ళని పోషించడానికి నోట్లు అచ్చువేసీ అచ్చువేసీ, రొట్టె కొనాలంటే డబ్బు సంచుల్లో మోసుకెళ్ళే గతి పట్టాక, అదే ప్రభుత్వం ఇక చాలు, పనిలోకి పొండని నోటీసు పంపింది. ఆ నోటీసు ఆయన స్టేషన్ గోడకి అంటించాడు. అంతే, ఊరికి ద్రోహి అయిపోయాడు. ప్రభుత్వం ఎక్కడో రాజధానిలో ఉంది, తిట్టడానికి గోడ దగ్గర ఈయన దొరికాడు! స్కూల్లో పిల్లలు ఏడిపిస్తుంటే చిన్నకొడుకు తండ్రితో మాటలు మానేసి, ఆయన పోయేదాకా మళ్ళీ మాట్లాడలేదు. ఇద్దరూ కెనడా వచ్చి ఇన్నేళ్ళయినా అన్న ఆ ఊసెత్తితే చాలు, తమ్ముడిది నాన్న మనల్ని అమ్మేశాడన్న ఒకటే పాట. పెద్దాయనకి మిగిలింది ఒక్కటే కోరిక, తాను కళ్ళు మూసేలోగా తమ్ముడి నోట నాన్నది తప్పు కాదన్న మాట వినాలని.

కాటికి కాళ్ళు చాపుకుని ఇదేం మొండితనమని నాకు చెడ్డ విసుగ్గా ఉండేది. ఆ చలికాలం పెద్దాయనకి జబ్బు చేసి, ఆస్పత్రి నుంచి సగం మనిషై తిరిగొచ్చాడు. వచ్చిన రోజే నా చెయ్యి పట్టుకుని భోజనాల గదిలోకి వచ్చి, తన కిటికీ వైపు కాకుండా తిన్నగా తమ్ముడి బల్ల దగ్గరికి నడిచాడు. నేనూ వినాలనుకున్నాడో ఏమో, ఇంగ్లీషులోనే అన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం. నాన్న ద్రోహే. నాకిక ఓపిక లేదు, నీ పక్కన కూర్చుని తినాలని ఉంది."

తమ్ముడు చెంచా వదిలేసి లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా అయింది.

"అలా అనకు. పైనుంచి వచ్చిన కాగితం అంటించక ఆయనేం చేస్తాడు? మన నాన్నని ఎవరూ అంత మాట అనకూడదు, నువ్వు కూడా."

పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి తమ్ముడూ కూర్చుని, సూపు గిన్నె అన్నవైపు జరిపాడు. నేను వంటింట్లోకి పోయి బాగా ఏడ్చాను.

మొన్న సమావేశంలో డాక్టరు గారికి ఇదంతా చెబుదామని లేచేసరికి గది అప్పటికే రెండు ముక్కలైంది. సంతకం పెట్టాల్సిందేననేవాళ్ళు ఒక మూల, కూడదనేవాళ్ళు ఒక మూల చేరి, తమ తమ గ్రూపుల్లో వచ్చిన వీడియోలు ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. ఒకప్పుడు మనకి కోపం వస్తే ఇంట్లోవాళ్ళ మీదో ఎదురింటివాళ్ళ మీదో వచ్చేది, వాళ్ళ మొహం రోజూ చూడాలి గనక ఎప్పుడో ఒకప్పుడు దిగివచ్చేవాళ్ళం. ఇప్పుడు పొద్దున లేస్తే మనం తిట్టిపోసేవాళ్ళు మనకేమీ కారు, వాళ్ళ పక్కన కూర్చుని తినాలని మనకెప్పటికీ అనిపించదు.